పాత కేసెట్టు మీద కొత్త పాట

1972లో మొదలైన జన నాట్య మండలి పాటలు, గద్దర్ పాటలు 1980లలో తెలంగాణ పల్లెలకు కేసెట్ల ద్వారా కూడా చేరాయి. ఒకరి కేసెట్టు నుంచి మరొకరు నకలు తీసుకొనేవారు. ఖాళీ కేసెట్టు లేకపోతే పాత సినిమా పాటల కేసెట్టు మీదనే ఎక్కించేవారు. మరి అందులోని పాత పాట ఏమయినట్టు?

కేసెట్టులోని ప్లాస్టిక్ టేపు వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. దాని మీద ఐరన్ ఆక్సైడ్ పొడి పూత ఉంటుంది. ప్రతి రేణువూ ఒక చిన్న అయస్కాంతమే. రికార్డు చేసేటప్పుడు శబ్దానికి తగినట్లు ఈ అయస్కాంతాలు ఒక క్రమంలో నిలుస్తాయి. ఆ క్రమమే పాట! టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అయితే అరగంట పాటలకు ఎంత టేపు కావాలి? లెక్క కట్టండి. సుమారు 86 మీటర్లు!

పోచంపల్లి మగ్గాన్ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తరువాత నేస్తారు. పోగుల వరుస చెదిరితే రంగులన్నీ ఉన్నా డిజైను ఉండదు. టేపు సంగతీ అంతే. కొత్త పాట ఎక్కేముందు టేపు 'ఎరేజ్ హెడ్' మీదుగా పోతుంది. మంచి రికార్డర్లలో దాని విద్యుత్ప్రవాహం సెకనుకు పదుల వేలసార్లు దిశ మారుస్తుంది. దాంతో అయస్కాంతాలు అటూ ఇటూ ఊగి, తలా ఒక దిక్కుగా ఆగిపోతాయి. పొడి ఎక్కడికీ పోదు, క్రమమే పోతుంది. హెడ్డుకు మురికి పట్టి సరిగా చెరపకపోతే, కొత్త పాట వెనుక పాత పాట సన్నగా వినిపిస్తుంది.

నకలుకు నకలు తీస్తే పాట ఎందుకు మసకబారుతుంది? ప్రతి టేపుకూ సొంతంగా 'సుయ్'మనే రొద ఉంటుంది. నకలు తీసినప్పుడల్లా పాటతోపాటు పాత రొద కూడా ఎక్కుతుంది, కొత్త రొద దానికి తోడవుతుంది. అంకెల రూపంలో ఉన్న ఫైలుకు ఈ బాధ లేదు. ఎన్ని నకళ్లు తీసినా అవే అంకెలు.

గద్దర్ 2023లో మరణించారు. ఆయన పాటలను ఇతరచోట్లా వినవచ్చు. కాని మీ ఇంటి పాత కేసెట్టులో అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాట ఉంటే? అది పోతే మళ్లీ దొరకదు. కేసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు మీట పడదు. ఎవరైనా ఆ రంధ్రాలకు కాగితం అంటించి ఉంటే తీసేయండి. తరువాత దాన్ని వినిపిస్తూ కంప్యూటరులోకి ఎక్కించండి. ఆలస్యం చేయకండి!