రెండక్షరాలు కొడితే చాలు!

వర్నిలో ‘గంగారాం ఇల్లెక్కడ?’ అని అడిగి చూడండి. ‘ఏ గంగారాం?’ అని ఎదురు ప్రశ్న రావచ్చు. నిజామాబాదు జిల్లాలో గంగారాములకూ, సాయిలులకూ లోటు లేదు. 1931లో నిజాంసాగరు పూర్తయిన తరువాత కాలవ నీటిని నమ్ముకుని గుంటూరు, కృష్ణా జిల్లాలనుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతు కుటుంబాల్లో వెంకటేశ్వరరావులకూ, సుబ్బారావులకూ లోటు లేదు. అంచేత కార్డు మీద ఇంటిపేరు, తండ్రి పేరు, క్యాంపు పేరు, దానికింద ‘వయా బోధన్’ అని రాస్తేగాని పెద్దలకు తృప్తి ఉండేది కాదు. 1972లో పిన్ కోడు వచ్చి ఊరి సంగతి తేల్చింది. మనిషి సంగతి మాత్రం పోస్టుమాన్ జ్ఞాపకశక్తికే వదిలింది.

ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పుడు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. పొలం కాగితాలు, డాక్టరు రిపోర్టులు, పెళ్ళి సంబంధాల జాతకాలు ఈమెయిల్లో నడుస్తున్నాయి. అక్కడ పోస్టుమాన్ లేడు. ఆయన స్థానంలో, రెండక్షరాలు కొట్టగానే చిరునామా మొత్తం తానే నింపిపెట్టే సదుపాయం ఒకటున్నది. దీన్ని ఆటోఫిల్ అంటారు. ఆటోకంప్లీట్ అనేవారూ ఉన్నారు.

కంప్యూటరు మన మనసులో మాట కనిపెట్టిందని మురిసిపోతాం గాని, అదేమీ లేదు. మనం ఇదివరకు ఎవరెవరికి రాశామో ఒక జాబితా దాచుకుంటుంది. ఎవరికి తరచుగా, ఎవరికి ఇటీవల రాశామో వారిని పైకి తెస్తుంది. అవుట్‌లుక్‌లో ఈ జాబితా వెయ్యి పేర్లదాకా పెరుగుతుంది. ఈ ఉత్తరం అన్నగారికి తగినదా, అద్దెకున్నవారికి తగినదా అని తర్కించే పని దానిది కాదు.

ఒక్క సంగతి ఊహించండి. కాలవ కింద రెండెకరాలు బేరానికి పెట్టారు. కొనవచ్చిన ఆయన పేరు సాయికుమార్. ఇంటి అబ్బాయి పేరు సాయికృష్ణ. ‘నాన్నగారు అయిదు లక్షలు తగ్గినా సరే అంటున్నారు. ఆ మాట బయట పొక్కనివ్వకు’ అని అక్కయ్య తమ్ముడికి రాసింది. చిరునామాలో ‘సాయి’ దాకా కొట్టింది. వారం రోజులుగా ఉత్తరాలన్నీ కొనే ఆయనతోనే కనుక, ఆయన పేరే పైన నిలిచింది. మీట నొక్కింది. ఆ తరువాత బేరం ఎలా సాగుతుందో పాఠకులకు వేరే చెప్పాలా?

చేత్తో చిరునామా కొట్టేటప్పుడు ఒక అక్షరం తప్పితే సాధారణంగా ఆ పేరు గలవారే ఉండరు; ఉత్తరం తిరిగివస్తుంది. ఆటోఫిల్ ఇచ్చే చిరునామాలో అక్షరం తప్పదు. మనిషీ ఉంటాడు. ఉత్తరమూ క్షేమంగా చేరుతుంది. కావలసిన మనిషి కాడు, అంతే! పొరపాటు జరిగిందని చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు.

ఇది క్యాంపు పిల్లలకే జరిగే పని కాదు. 2014 నవంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో జి-20 దేశాల సమావేశం జరిగింది. దానికి ముందు ఆ దేశపు వలసల శాఖ ఉద్యోగి ఒకరు 31 మంది అతిథుల పుట్టినతేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, వీసా వివరాలు ఉన్న ఉత్తరం పంపారు. అవుట్‌లుక్ నింపిన పేరు సరిచూసుకోలేదు. అది ఆసియా కప్ ఫుట్‌బాల్ నిర్వాహకులకు చేరింది! ఆ జాబితాలో అమెరికా అధ్యక్షుడు ఒబామాతోపాటు మన ప్రధాని నరేంద్ర మోదీ వివరాలు కూడా ఉన్నాయి. అందుకున్నవారు చెరిపేశామన్నారు. లోకానికి ఈ సంగతి 2015 మార్చిలో, పత్రికల వల్ల తెలిసింది.

మరి ఉపాయం? ఉత్తరమంతా రాసి, చిరునామా చిట్టచివర నింపడం అన్నిటికన్నా మేలు. అవసరం తీరిన పేర్లను జాబితానుంచి తీసివేయవచ్చు. అవుట్‌లుక్‌లో పేరు పక్కనే అందుకు చిన్న గుర్తు ఉంటుంది. ‘సాయి’ అని ఊరుకోక, ‘సాయికృష్ణ, తమ్ముడు’, ‘సాయికుమార్, పొలం బేరం’ అని పేర్లు దాచుకోండి. పాతకాలపు ‘వయా బోధన్’ కార్డులు రాసినవారికి ఇది కొత్త విద్య కాదు. జీమెయిల్లో పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాగే గడువు ఉంది. మామూలుగా అయిదు సెకన్లు; సెట్టింగుల్లో ముప్ఫైదాకా పెంచుకోవచ్చు. అవుట్‌లుక్‌లోనూ వెనక్కి పిలిచే మీట ఉన్నది గాని, అది ఒకే సంస్థలో పనిచేసేవారి మధ్యనే పనికివస్తుంది. పొలం కొనే సాయికుమార్‌గారి దగ్గర చెల్లదు.