అంకెల్లో పుట్టినరోజు... ఆకాశంలో పండిత్ జస్రాజ్!

300128. ఇది లాటరీ నంబరు కాదు, ఏ సినిమా వసూళ్ళ లెక్కా కాదు! రెండేసి అంకెల చొప్పున చివరినుంచి చదవండి... 28-01-30. హిందుస్తానీ గాత్ర సంగీతంలో మేవాతీ ఘరానా దిగ్గజం పండిత్ జస్రాజ్ గారు పుట్టింది 1930 జనవరి 28న. అంగారకుడికీ, గురుగ్రహానికీ నడుమ సూర్యుణ్ణి చుట్టే ఒక బుల్లి గ్రహం నంబరు 300128. దాని పేరు 'పండిత్ జస్రాజ్'!

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? మా ఏఎస్ రావు నగర్ ఛాయ్ హోటల్లో ఒక అభిమాన సంఘం కుర్రాడు నాకో సర్టిఫికెట్ చూపించాడు. బంగారు రంగు ముద్ర, అందమైన అచ్చు. "అన్నా! కటౌట్లు, పాలాభిషేకాలు అందరు చేస్తరు. మేం మా హీరో పేరు మీద చుక్కనే కొన్నం!" అన్నాడు. తలా కొంత వేసుకుని ఆరువేలు కట్టారట. పాపం, ఆ కాగితం ఫ్రేము కట్టించుకోవడానికే పనికొస్తుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘం పేర్లు అమ్మదు, అలా అమ్మే వాళ్ళ కాగితాలను గుర్తించదు. ఆ మాట చెబితే కుర్రాడి మొహం చిన్నబోయింది. "మరి అసలు పేరు ఎట్ల పెడ్తరన్నా?" అనడిగాడు.

అది సినిమా టైటిల్ రిజిస్ట్రేషన్ కన్నా కష్టం లెండి! జస్రాజ్ గ్రహాన్నే తీసుకుందాం. 2006 నవంబర్ 11న అమెరికాలోని అరిజోనాలో కాటలీనా ఆకాశ సర్వే వారికి కనబడింది. ముందు దొరికింది '2006 వీపీ32' అనే తాత్కాలిక గుర్తు మాత్రమే. వీ అంటే నవంబర్ మొదటి సగం, పీ32 అంటే ఆ పదిహేను రోజుల్లో లెక్కకొచ్చిన వాటిలో 815వది అని! తర్వాత మళ్ళీ మళ్ళీ చూసి, ఎటు తిరుగుతోందో, ఎప్పుడు ఎక్కడుంటుందో కక్ష్య గట్టిగా తేలాకే శాశ్వత నంబరిస్తారు. అప్పుడు కనిపెట్టినవారు పేరు సూచించవచ్చు. పదహారు అక్షరాలు దాటకూడదు, వ్యాపార సరుకుల పేర్లు కూడదు. రాజకీయ నాయకులైతే పోయి వందేళ్ళు గడవాలి! (మన వీధుల పేర్లకీ ఈ రూలుంటే ఎంత బాగుండేదో!) కమిటీ ఒప్పుకుంటేనే పేరు ఖాయం. జస్రాజ్ గారి విషయంలో అది 2019 సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. భారతీయ సంగీతకారుల్లో ఈ గౌరవం అందుకున్న మొదటివారు ఆయనే.

ఇంతకీ హర్యానాలో పుట్టిన ఆయనకీ మనకీ ఏమిటి సంబంధం? బోలెడు! తండ్రి పండిత్ మోతీరామ్ 1934లో హైదరాబాదులోనే కన్నుమూశారు. నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆస్థాన విద్వాంసుడిగా నియమితులు కావలసిన రోజునే పోయారని చెబుతారు. అప్పటికి జస్రాజ్ వయసు నాలుగేళ్ళు. ఈ ఊళ్ళోనే బడికి వెళ్ళే దారిలో, ఒక చిన్న హోటల్లో బేగం అఖ్తర్ గజల్ రికార్డు వింటూ కూచుండిపోయేవాడట ఆ కుర్రాడు. బడి అటకెక్కింది, పాట నిలిచింది! సినిమా బంధుత్వమూ ఉందండోయ్. 1962లో ఆయన పెళ్ళాడిన మధుర గారు సాక్షాత్తు వి. శాంతారామ్ కూతురు.

ఎంత పేరొచ్చినా ఆయన హైదరాబాదును మరువలేదు. తండ్రి మోతీరామ్ గారి స్మృత్యర్థం 1972లో ఇక్కడ సంగీత సమారోహం మొదలుపెట్టారు. ఏటా నవంబర్ చివర వచ్చి పాడేవారు. మా ఏఎస్ రావు నగర్ నుంచి నాచారం, హబ్సిగూడ మీదుగా వెళితే వచ్చే అంబర్‌పేటలోనే తండ్రి సమాధి. అక్కడ కూర్చునీ పాడేవారు.

పేరు ఖాయమైన ఏడాది లోపే, 2020 ఆగస్టు 17న అమెరికాలోని న్యూజెర్సీలో జస్రాజ్ గారు వెళ్ళిపోయారు. 300128 మాత్రం తన దారిన తిరుగుతూనే ఉంది. మామూలు కంటికి కనబడదు, పెద్ద టెలిస్కోపు కావాలి.