మూడు నివేదికలు, ఒక్క జాబితా

గోండ్‌పిప్రి తాలూకాకు దిగువన వర్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహిత అవుతాయి. కలిశాక ఏ నీళ్లు ఏ నదివో ఎవరూ చెప్పలేరు. నదులకు అది అందమే. కంప్యూటర్ల తనిఖీ నివేదికలు కలిపేటప్పుడు మాత్రం అలా జరగకూడదు.

ముందు ఆ తనిఖీ ఏమిటో చూద్దాం. కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములలో దొంగ చొరబడడానికి వీలిచ్చే లొసుగులు ఉంటాయి. వాటిని వెతికే సాధనం స్కానర్. 1998లో మొదలైన నెసస్ అలాంటిదే. గోండ్‌పిప్రి వంటి తాలూకా కేంద్రంలో మూడు ఆఫీసుల కంప్యూటర్లు మీరే చూసుకుంటున్నారనుకోండి. మూడుచోట్ల తనిఖీ చేస్తే మూడు ఫైళ్లు వస్తాయి. ఒకదాని కింద ఒకటి అతికిస్తే సరిపోదా? సరిపోదు. నెసస్ ఫైలుకు తలా తోకా ఉంటాయి. మధ్యలో ఇంకో తల కనిపిస్తే చదివే ప్రోగ్రాము తెల్లమొహం వేస్తుంది. అందుకని పైథాన్ వంటి భాషలో ఒక చిన్న స్క్రిప్టు రాస్తారు. అది ప్రతి ఫైలునూ తెరిచి, ఒక్కొక్క యంత్రానికి సంబంధించిన భాగాన్ని మాత్రం తీసి, అన్నిటినీ ఒకే తల కింద చేరుస్తుంది.

ఇంతవరకూ సులువే. చిక్కంతా చిరునామా దగ్గర. 192.168.1.10 వంటి చిరునామాను లోపలి నెట్‌వర్కులో ఎవరైనా వాడుకోవచ్చు. మీ మూడు ఆఫీసుల్లోనూ అది ఉండవచ్చు, ప్రతి ఊళ్లోనూ పదో నంబరు ఇల్లు ఉన్నట్టే. చిరునామా ఒక్కటే చూసి, ఇది ముందే వచ్చిందిలే అని స్క్రిప్టు కొట్టేస్తే, లొసుగున్న యంత్రమే జాబితాలోంచి జారిపోవచ్చు. కాబట్టి ప్రతి పద్దుకూ ఆఫీసు పేరు, తనిఖీ తేదీ చేర్చండి. ఆఫీసు, చిరునామా, పోర్టు, లొసుగు సంఖ్య, ఈ నాలుగూ కలిస్తేనే అది పాత పద్దు. సంఖ్యకు 1999లో మొదలైన సి.వి.ఇ. పద్ధతి మేలు. వేర్వేరు స్కానర్లు ఒకే లొసుగుకు వేర్వేరు పేర్లు పెట్టినా ఆ సంఖ్య మారదు. సంఖ్య లేనివాటికి స్కానరిచ్చిన పేరే ఉంచండి.

ఒక్క యంత్రం జారితే ఏమిటి అంటారా? విండోస్‌లోని ఒక లొసుగుకు మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మరమ్మతు విడుదల చేసింది. మే 12న వాన్నాక్రై అనే పురుగు అదే లొసుగులోంచి ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఒక యంత్రంలో దూరిందంటే, నెట్‌వర్కులోని మిగతావాటిని అదే వెతుక్కుంటూ పోతుంది. అదీ ఒక స్కానరే అనుకోండి, మనకన్నా ఓపిక ఎక్కువ.

ఇక లెక్క సరిచూడడం. మూడు ఫైళ్లలో యంత్రాలు ఎన్ని, కలిపినదానిలో ఎన్ని, రెండూ స్క్రిప్టు చేతే చెప్పించండి. తరువాత ఆ జాబితాను ఆఫీసు సామాను రిజిస్టరుతో పోల్చండి. తనిఖీ రోజున కరెంటు లేక ఆగిపోయిన యంత్రం ఏ నివేదికలోనూ ఉండదు. దాని ఎదుట "లోపం లేదు" అని కాక "చూడలేదు" అని రాసి, మళ్లీ చూసే తేదీ పక్కనే వేయండి.