శీతారణ్యంలో ఊయల శయ్య

ఊయల అనగానే పసిపాపలు స్ఫురిస్తారు. అమెరికా ఖండపు ఆదివాసులు మాత్రం దానిని పెద్దల శయ్యగా మలచుకున్నారు. 1492లో కొలంబస్ బృందం కరీబియన్ దీవులలో దానిని చూసింది. అనంతరం అది ఓడలలో నావికులకు పడక అయింది. నేడు అమెరికాలోని అపలాచియన్ పర్వతారణ్యాలలో కొందరు యాత్రికులు హేమంత రాత్రులలో సైతం రెండు చెట్ల నడుమ ఊయల కట్టి నిద్రిస్తారు.

ఊయలలో శయనించే వానికి నేల తడి, రాళ్ల బాధ ఉండవు. కాని చలిగాలి అడుగునుండి సోకుతుంది. దేహపు వేడిని నిలిపేది వస్త్రం కాదు, దాని పొరలలో చిక్కుకొన్న గాలి. దేహభారానికి వీపు కింది దుప్పటి అణగి, ఆ గాలి వెలికిపోతుంది. అందుచేత ఊయల వెలుపల, అడుగుభాగాన్ని ఆనుకొని, అణగకుండా మరొక బొంతను వేలాడదీస్తారు.

పైన కట్టే టార్పాలిన్‌ను గాలి వీచే దిక్కున నేలకు చేరువగా దించాలి. అయితే దానిని పూర్తిగా మూసివేయరాదు. నిశ్వాసంలోని తేమ నీరై బొంతను తడుపుతుంది. ఊయల తాళ్లకు చిన్న దారం కట్టి వేలాడవిడిస్తే, తాటి వెంట జారే నీరు పడకను చేరక అక్కడే కారిపోతుంది. మారు దుస్తులను నీరు చొరని సంచిలో భద్రపరచాలి.

దేహాంతర్గత ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ప్రాణాపాయం పొంచి ఉంటుంది. కనుక శీతారణ్యంలో పొడిదనమే ప్రాణరక్షణ.