రాక్ వినేవాడి చెవిలో రామక్క పాట

2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఎవరు ఏం హామీ ఇచ్చారో చెప్పమంటే మనలో చాలామంది నీళ్లు నములుతారు. పాటలు మాత్రం అడగకముందే నోట్లోకి వచ్చేస్తాయి. బీఆర్‌ఎస్ వాళ్ల గులాబీ జెండా రామక్క పాట ఒకటి. కాంగ్రెస్ కోసం నల్లగొండ గద్దర్ పాడిన మూడు రంగుల జెండా పాట ఇంకోటి. పెళ్లి బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో, ఆఖరికి మన హాస్టల్ ఫ్రెషర్స్ డేలో కూడా ఈ రెండూ మోగాయి. ఎగిరినవాళ్లు ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

నా సంగతి ముందే చెప్తాను. మాది సిద్దిపేట జిల్లా అక్కన్నపేట. నా ఫోన్ నిండా ఉండేది మాత్రం పింక్ ఫ్లాయిడ్, స్ప్రింగ్‌స్టీన్, రేజ్ అగెయిన్స్ట్ ది మెషీన్. రాజకీయంగా నన్ను నేను లిబరల్ అనుకుంటాను. అంటే నా లెక్కలో ఏ జెండానూ నెత్తిన పెట్టుకోకుండా, ఎవడి మాట వాణ్ణి మాట్లాడనిచ్చి, అధికారంలో ఎవరున్నా ప్రశ్న అడగడం. ఇలాంటోడికి ఎన్నికల పాట వినబడితే ఏమవుతుంది? కాలు ఆడుతుంది, మనసు అనుమానపడుతుంది. ఈ రెండూ ఒకేసారి ఎందుకు జరుగుతాయో అర్థం చేసుకుందామనే ఈ వ్యాసం.

ముందు ఇంజనీరింగ్

ప్రచార ఆటో మీద ఉండేది గొట్టం మైకు. దాని నిర్మాణమే అంత, దాదాపు 300 హెర్ట్జ్ కంటే కింద ఉన్న ధ్వని అందులోంచి సరిగ్గా రాదు. బేస్ గిటార్ అట్టడుగు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. కాబట్టి మనం ప్రాణం పెట్టే రాక్ బేస్ లైన్‌ను ఆటో మీద పెడితే సగం పాట మాయం. అదే డప్పు మీద సిటికెన పుల్ల దెబ్బ, గొంతెత్తి పాడే మనిషి స్వరం, వెనక కోరస్... ఇవన్నీ ఆ గొట్టంలోంచి సూటిగా వస్తాయి. ఊరి పాట బాణీ ఎన్నికలకు అంత బాగా అతకడానికి మట్టివాసన ఒక్కటే కారణం కాదు, గొట్టం కూడా ఒక కారణం.

ఇంకో లెక్క చూడండి. ఆటో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. మన వాకిట్లోకి పాట స్పష్టంగా వినబడేది అటు 100 మీటర్లు, ఇటు 100 మీటర్లు. 200 మీటర్లు దాటడానికి పట్టేది 36 సెకండ్లు. అంటే పాట ఐదు నిమిషాలున్నా, ఒక ఇంటికి అందేది 36 సెకండ్ల ముక్కే, అది ఏ ముక్కో కూడా తెలియదు. అందుకని రాసేవాడు ఏం చేస్తాడు? ప్రతి అర నిమిషానికి నాయకుడి పేరో, గుర్తో, జెండా రంగో వచ్చేలా అల్లుతాడు. కథ చెప్పే చరణానికి అక్కడ చోటు లేదు. (ఆటో మనల్ని దాటగానే పాట శ్రుతి తప్పినట్టు అనిపిస్తుంది కదా. అది గాయకుడి తప్పు కాదు, డాప్లర్ ఎఫెక్ట్. ఈ వేగానికి దాదాపు అర సెమీటోన్ దిగుతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో కన్నా నాకు అక్కడే బాగా అర్థమైంది.)

మా పెద్దనాన్న కొడుకు సౌండ్ సిస్టమ్ కిరాయికి ఇస్తాడు. ఎన్నికలప్పుడు నెల రోజులు నిద్ర ఉండదు. ఒకసారి అడిగాను, "అన్నా, ఇంతకీ నీది ఏ పార్టీ?" అని. ఆయన నవ్వి, "పొద్దుగాల ఒకలది, మాపటికి ఇంకొకలది తమ్మీ. పెన్‌డ్రైవ్ ఒక్కటే, ఫోల్డర్లే వేరు" అన్నాడు. "మరి ఓటు?" అంటే, "అది పెన్‌డ్రైవ్‌ల ఉండదు" అన్నాడు. రాజనీతి శాస్త్రం పుస్తకంలో ఇంత సూటిగా చెప్పిన వాక్యం నేను చదవలేదు.

పాట గెలిస్తే పార్టీ గెలుస్తుందా?

మా అక్కన్నపేట మండలం 2016 జిల్లాల పునర్విభజనలో ఏర్పడింది. అసెంబ్లీకి హుస్నాబాద్, లోక్‌సభకు కరీంనగర్. హుస్నాబాద్ అంటే కేసీఆర్‌కు సెంటిమెంట్. 2018లో సెప్టెంబర్ 7న, 2023లో అక్టోబర్ 15న ఎన్నికల శంఖం ఊదింది అక్కడి సభల నుంచే. మొదటిసారి కలిసొచ్చింది. రెండోసారి ఊరూరా రామక్క పాట మోగింది, కానీ హుస్నాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి పొన్నం ప్రభాకర్ గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద 119 సీట్లలో కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39. జనం పాటకు ఎగిరారు, బటన్ మాత్రం వేరేది నొక్కారు.

అమెరికాలోనూ ఇదే కథ. 2004లో బుష్‌ను ఓడించడానికి స్ప్రింగ్‌స్టీన్, ఆర్‌ఈఎమ్, పెర్ల్ జామ్ లాంటి పెద్ద పెద్ద పేర్లు కలిసి ఓట్ ఫర్ చేంజ్ పేరుతో ఊళ్లు తిరిగి కచేరీలు చేశాయి. బుష్ మళ్లీ గెలిచాడు. నా అంచనాలో పాట ఓటును పుట్టించదు. ఉన్న అభిమానానికి ఊపు ఇస్తుంది, లేని ధైర్యాన్ని గుంపులో తెప్పిస్తుంది. అది చిన్న విషయమేం కాదు, కానీ అది వేరే విషయం.

పాట ఒకరిది, వాడేది ఇంకొకరు

1984లో స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ' వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరక్క తిరిగేవాడి గోడు అది. కోరస్ ఒక్కటే విన్నవాళ్లకు దేశభక్తి గీతంలా వినబడుతుంది. ఆ సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీలో ప్రచారం చేస్తూ, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. స్ప్రింగ్‌స్టీన్‌కు ఆ మెప్పు నచ్చలేదు. 2020 ఆగస్టులో నీల్ యంగ్ తన పాటలు సభల్లో వాడుతున్నారని ట్రంప్ ప్రచార కమిటీ మీద కోర్టుకెక్కాడు, డిసెంబర్‌లో కేసు వెనక్కి తీసుకున్నాడు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. 2022లో భారత్ జోడో యాత్ర వీడియోలకు కేజీఎఫ్ 2 సంగీతం వాడారని బెంగళూరుకు చెందిన ఎమ్‌ఆర్‌టీ మ్యూజిక్ కాంగ్రెస్ మీద కేసు వేసింది. కింది కోర్టు ఏకంగా ఆ పార్టీ ట్విట్టర్ ఖాతాలను ఆపమంది. ఆ వీడియోలు తీసేస్తామన్నాక హైకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది.

మా వైపు చిక్కు దీనికంటే లోతైనది. స్ప్రింగ్‌స్టీన్ పాటకు కాపీరైట్ ఉంది. బతుకమ్మ బాణీకి, ఒగ్గు కథ నడకకు, నాట్ల పాట లయకు ఎవరి పేరు మీద కాపీరైట్ ఉంది? తరాలుగా పొలంలో వంగి నాటేసిన ఆడవాళ్లు కట్టుకున్న బాణీలో నాయకుడి పేరు ఇరికిస్తే, కాదనడానికి కోర్టుకెళ్లేది ఎవరు? ఎవరూ లేరు కాబట్టే అన్ని పార్టీలూ అందులోంచే తోడుకుంటాయి.

గద్దర్ అనే ప్రశ్న

రాక్ అభిమానులు ఎప్పుడూ కొట్టుకునే వాదన ఒకటుంది. కళాకారుడు పార్టీ వెంట ఉండాలా, బయట నిలబడాలా? రేజ్ అగెయిన్స్ట్ ది మెషీన్ 2000 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో డెమోక్రాట్ల మహాసభ జరుగుతున్న హాలు బయటే నిరసన కచేరీ చేసింది. లోపలికి పోలేదు.

మన దగ్గర ఈ వాదనకు పూర్తి పాఠ్యపుస్తకం గద్దర్ జీవితం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్, ఎన్నికలే బూటకం అన్న రాజకీయానికి దశాబ్దాల పాటు గొంతయ్యారు. 1997 ఏప్రిల్‌లో ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అదే మనిషి 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. 2023లో సొంత పార్టీ పెడుతున్నానన్నారు, రాహుల్ గాంధీ ఖమ్మం సభ వేదికా ఎక్కారు. ఆ ఆగస్టు 6న కన్నుమూశారు. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకు ఆయన పేరే.

ఇంకో దారి రసమయి బాలకిషన్‌ది. ధూంధాం వేదికల మీద ఉద్యమాన్ని ఉర్రూతలూగించి, మా పక్క నియోజకవర్గం మానకొండూరు నుంచి 2014, 2018లో ఎమ్మెల్యే అయ్యారు, ప్రభుత్వ కళాకారుల సంస్థ తెలంగాణ సాంస్కృతిక సారథికి చైర్మన్ అయ్యారు. 2023లో ఓడిపోయారు. సారథి వల్ల కళాకారులకు నెల జీతం వచ్చింది. డప్పు కొట్టేవాడి ఇంట్లో నెలనెలా జీతం అంటే ఏమిటో తెలిసినవాళ్లు దాన్ని వెక్కిరించరు. కానీ జీతమిచ్చే ప్రభుత్వాన్ని ప్రశ్నించే పాట ఆ గొంతులోంచి వస్తుందా అన్న అనుమానం కూడా అంతే నిజం. నాకు ఈ రెంటిలో ఒకదాన్ని కొట్టేయడం చేతకాలేదు.

పాటలో లేనిది వినడం

2012లో అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థి పాల్ రయాన్ తనకు రేజ్ అగెయిన్స్ట్ ది మెషీన్ ఇష్టమని తెలిసింది. ఆ బ్యాండ్ గిటారిస్టు టామ్ మొరెల్లో, మేం ఏ యంత్రం మీద కోపంతో పాడామో ఆ యంత్రం ఆయనే అన్న అర్థంలో వ్యాసం రాశాడు. రయాన్‌ను చూసి నవ్వుకోవచ్చు. కానీ ఓటు వేయని పార్టీ పాటకు స్టెప్పులేసే మనమూ తిరగేసిన రయాన్లమే. బీట్ నచ్చడం నేరం కాదు. బీట్ నచ్చింది కాబట్టి మాట కూడా నిజమే అనుకోవడం దగ్గర ప్రమాదం ఉంది.

అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: పాటలో ఏముందో కాదు, ఏం లేదో వినడం. మా మండలంలో గౌరవెల్లి రిజర్వాయర్ ఉంది, సామర్థ్యం 8.23 టీఎంసీ. దాని కింద మునిగే గుడాటిపల్లి నిర్వాసితులు పరిహారం కోసం 2022 జూన్‌లో చేసిన ఆందోళన రాష్ట్రమంతా వార్త అయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో మా వీధిలో తిరిగిన ఏ ఆటోలోనూ గుడాటిపల్లి అన్న మాట నాకు వినబడలేదు. నీళ్లొస్తాయన్న పాట విన్నాను, ఊరు పోతుందన్న పాట వినలేదు. 36 సెకండ్లలో నిర్వాసితుల గోడు పట్టదు మరి. పట్టని విషయాలే ఓటు వేసేముందు మనం వెతుక్కోవాల్సినవి.

దానికి చట్టమే మనకు కొంత టైమ్ ఇచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126 ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్. సభలు, ఊరేగింపులే కాదు, ఓటర్లను ఆకర్షించే సంగీత కచేరీలు కూడా కుదరవని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. పాట బలం ఎంతో చట్టం రాసినవాళ్లకు బాగానే తెలుసు. 2023 నవంబర్ 30న నా మొదటి ఓటు. ఆ ముందు రెండు రోజులు ఊళ్లో మైకులు ఆగిపోయాయి. నేనూ హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో మా అభ్యర్థుల అఫిడవిట్లు తెరిచి చదివాను. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి. బాణీ ఏమీ ఉండదు, బోర్ కొడుతుంది. ఒక్కో అభ్యర్థికి అరగంట చాలు. మీరు కూడా వచ్చే ఎన్నికలకు చదివి చూడండి.