పైథాన్ వెర్షన్ల తగాదా: అపోహలు – వాస్తవాలు

ఒకే కంప్యూటర్‌లో పైథాన్ వెర్షన్లు రెండు మూడు చేరడమే ప్రోగ్రాములు మొరాయించడానికి కారణమన్నది బాగా నాటుకున్న అపోహ. నిజానికి 3.10, 3.12 వంటి వెర్షన్లు సాధారణంగా వేర్వేరు ఫోల్డర్లలో ఉండి, తమ లైబ్రరీలను, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల సముదాయాలను, విడివిడిగా దాచుకుంటాయి కనుక ఒకదాని జోలికి మరొకటి పోదు. చిక్కు వచ్చేది పిలుపు దగ్గర. టెర్మినల్‌లో పైథాన్ అని టైపు చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ 'పాత్' అనే జాబితాలోని ఫోల్డర్లను వరుసగా వెతికి, ఆ పేరుతో మొదట కనబడినదాన్నే నడుపుతుంది. ఆ వెనుక ఎంత కొత్త వెర్షన్ ఉన్నా అక్కడిదాకా పోదు. లైబ్రరీలను తెచ్చి అమర్చే 'పిప్' ఒక వెర్షన్‌కూ, ప్రోగ్రామును నడిపే పైథాన్ మరొక వెర్షన్‌కూ చెందినప్పుడు, నిన్ననే ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ నేడు లేదనే విచిత్రం ఎదురవుతుంది. లినక్స్‌లో 'విచ్', విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్' అనే ఆదేశాలు ఏ ఫోల్డర్‌లోని పైథాన్ పలుకుతోందో చూపుతాయి. పిప్‌ను విడిగా కాక ఆ పైథాన్ ద్వారానే పిలిస్తే తగాదాలో సగం తీరుతుంది.

పాతదాన్ని తీసివేస్తే పీడ విరగడవుతుందన్నది ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం. ఉబుంటు వంటి లినక్స్‌లలో సిస్టమ్ సొంత పనిముట్లు అనేకం పైథాన్‌పైనే ఆధారపడతాయి కాబట్టి, దాన్ని తొలగించబోతే డెస్క్‌టాప్ సైతం వెంట పోవచ్చు. 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్, సిస్టమ్ పైథాన్‌లోకి లైబ్రరీలు చొప్పించకుండా పిప్‌ను అడ్డుకుంటుంది. ఈ రక్షణనే లోపమనుకుని బలవంతంగా దాటేవారు తక్కువేమీ కాదు.

కొత్త వెర్షన్ పాత కోడ్‌నంతా నడుపుతుందన్నదీ నిజం కాదు: 3ను 2తో భాగిస్తే పైథాన్ 2 చెప్పే జవాబు 1, పైథాన్ 3 చెప్పేది 1.5.

'వెన్వ్' సృష్టించే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఒక్కో ప్రాజెక్టుకు కేటాయించే ప్రత్యేక లైబ్రరీల గూడు, వెర్షన్‌ను కూడా మార్చగలదని చాలామంది భావిస్తారు. 2012లో పైథాన్ 3.3తో వచ్చిన ఈ సదుపాయం లైబ్రరీలను మాత్రమే వేరుచేస్తుంది. గూటిని ఏ వెర్షన్‌తో కట్టారో అదే అందులో నడుస్తుంది గనుక, 3.11 కావాలంటే ముందు దాన్ని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, దానితోనే గూడు కట్టాలి.