కలివి కంచె

పోచంపల్లి యనగానే చెన్నపట్టణమందలి మన తెలుగు వకీళ్లకు, వైద్యులకు, ఉద్యోగులకు నేతచీరలు జ్ఞప్తికి వచ్చును. అది తెలంగాణములోని పోచంపల్లి. మేమిప్పుడు చెప్పబోవునది కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి. 1792లో టిప్పు సుల్తాను కంపెనీవారికి విడిచిన బారామహల్ సీమకు చెందిన ప్రాంతమిది. 2004లో ధర్మపురినుండి విడివడి ప్రత్యేక జిల్లా యయ్యెను. ఇచ్చటను, హోసూరు వైపునను తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు పెక్కులు గలవు. మామిడితోటలకు ఈ సీమ పేరెన్నికగన్నది.

రాజధానిలో నుద్యోగము చేయుచు ఇట్టి యూళ్లలో పదిసెంట్ల పెరడో, చిన్న తోటయో నిలుపుకొన్నవారు మన పాఠకులలో గలరు. సెలవులకు పోయినపుడు వారు మొదట చేయించు పని ముళ్లతీగ కంచె. అందమునకై దాని ప్రక్కన పచ్చగన్నేరు నాటుదురు. ఇది అమెరికా ఖండమునుండి వచ్చినది. దీని గింజలు ప్రాణాంతకములు. అదే కుటుంబమునకు చెందిన మన కలివిపొద మాత్రము పిల్లలకు తినదగిన పండ్ల నొసగుచున్నది. చేతిలోని దానిని విడిచి, దూరదేశపు విషమును వాకిట నిలుపుట యెంత వింత!

కలివికే కోస్తావారు వాక యందురు. తమిళులకిది కళాక్కాయ్, కన్నడిగులకు కవళి, సంస్కృతమున కరమర్దము. గట్లమీది అడవికలివి కాయ చిన్నది. తోటవాక కాయ పెద్దది. రాతినేలను, ఎండను, వానలేమిని ఈ పొద సహించును. సహింపనిది నీరు నిలుచు పల్లము మాత్రమే.

పెంచు విధము సులభము. బాగుగా పండిన కాయల గింజలను తీసిన వెంటనే నారుమడిలో చల్లవలెను; నిలువయుంచిన కొలది మొలకెత్తు శక్తి తగ్గును. ఏడాది నారును తొలకరిలో, పశువులపెంట కలిపిన గుంటలయందు, కంచెకైన రెండడుగుల యెడముగా నాటవలెను. మొదటి రెండు వేసవులు నీరుపోసి, మేకలనుండి కాపాడిన చాలును. మూడవయేట కాపు మొదలిడును. పూవులు కొమ్మల కొనలయందే పూయును గావున కోత ముగిసిన పిమ్మటనే కత్తిరింపవలెను. ఏడాది పొడుగున నున్నగా గొరుగువారికి ఆకులే గాని కాయలు దక్కవు.

ముండ్లు గలవు గదా యని కొందరు శంకింతురు. ముండ్లు లేని కంచె కంచె యెట్లగును? త్రోవవైపు కొమ్మలను తగ్గించుకొన్న బాధ యుండదు. పచ్చికాయలో పాలు కారునందురు; కత్తికి నూనె రాసి, తరిగిన ముక్కలను ఉప్పునీట కడిగిన జిగట పోవును. పప్పులో ఈ కాయ పడినపుడు చింతపండుతో పనిలేదు. ఊరగాయకును పచ్చడికిని ఇది శ్రేష్ఠము.

ఇది వంటింటితో ముగియు విషయము కాదు. కడపజిల్లా లంకమల ప్రాంతపు పొదలలో తిరుగు నొక పక్షికి కలివికోడి యని పేరు. 1900 తరువాత కానరాక, నశించెనని తలపబడిన యా పక్షి 1986లో మరల కంటబడెను. పొదలను పనికిరాని కంపగా నెంచి నరికివేసినచో వానిని నమ్మిన ప్రాణులకు నిలువ నీడ యుండదు. గట్లమీద కలివి పోయిన చోట లంటానా పెరుగుచున్నది. చెట్టు కంటబడనినాడు దాని పేరును పిల్లల నోట నిలువదు. పొరుగుభాషల నడుమ తెలుగును నిలుపుకొన్న యిండ్లకు ఈ నష్టము చిన్నది కాదు.

కావున రాబోవు తొలకరికి ఊరు పోవువారు ముళ్లతీగ చుట్టతోపాటు పది కలివిమొక్కలను గూడ కొనిపోవుదురుగాక. తీగ త్రుప్పు పట్టునాటికి పొద కాపునకు వచ్చును. కాయలు కోయవచ్చిన పిల్లలకు దాని పేరు చెప్పుటకు పెద్దలు దగ్గరనుండిన చాలును.